ఎందఱు తలచిరి, ఎందుకు తలచిరి

గత శ్రావణములో నొక సాయంకాలము, జిల్లా కేంద్రమందలి బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ విభాగమున అసోసియేట్ ప్రొఫెసరుగా నున్న నా పూర్వశిష్యుడొకడు, నాలుగు మడతలు పెట్టిన కాగితము నొకదానిని చొక్కాజేబులో నుంచుకొని మాయింటికి వచ్చెను. ఇచ్చిన కాఫీని చల్లారనిచ్చి, ఆ కాగితమును బల్లపై పఱచి, మడతలను అరచేతితో సాపుచేయుచు అతడిట్లడిగెను: "సార్, ప్రమోషన్ అప్లికేషన్‌లో హెచ్-ఇండెక్స్ అని ఒక గడి ఉందండి. స్కోపస్‌లో చూస్తే 7 అంటుంది, గూగుల్ స్కాలర్‌లో చూస్తే 9 అంటుంది. నా అసలు అంకె ఏది సార్?"

కాగితముపై అతని వ్యాసములు 12 వరుసగా అచ్చై యుండెను. ప్రతిదానికి కుడిప్రక్కను, దానిని ఇతరులెన్నిమాఱులు పేర్కొనిరో ఆ సంఖ్య. చిట్టచివర పాముకాటునుగూర్చిన చిన్న వ్యాసమొకటి. దాని యెదుట సున్న. ఆ వ్యాసముపై అతడు పెన్సిలుతో అడ్డగీత గీసియుండెను. నా చూపు దానిపై నిలుచుట గమనించి, "అది తీసేద్దామనుకుంటున్నానండి. సున్నా కనపడితే బాగుండదేమో" అనెను.

నేను మొదటి ప్రశ్నకే జవాబు చెప్పితిని. "జ్వరం నాలుక కింద చూస్తే ఒక అంకె, చంకలో చూస్తే ఇంకో అంకె వస్తుంది. అందులో అసలుది ఏదయ్యా?" అతడు నవ్వెను. ఎక్కడ చూచెనో వ్రాయక ఉష్ణోగ్రతను మాత్రమే కేసుషీటులో నెక్కించిన హౌస్ సర్జనును అతడే రౌండ్సులో పదిమంది యెదుట మందలించు వాడు; తన విషయమున మాత్రము, ఏ ఖాతాలో, ఏ తేదీన చూచినదో లేని అంకె యొకటి సత్యమై యెక్కడనో యున్నదని నమ్మి దానికై వెదకుచున్నాడు. ఈ భ్రమ అతని యొక్కనిది కాదు. వైద్యపరిశోధనలో నడుగిడిన ప్రతి యువకునకు, ప్రతి యువతికి ఏదో యొకనాడు ఈ గడి యెదురగును. దానిని నింపుట యెట్లో, నింపిన పిమ్మట దానిని నమ్ముట యెంతవఱకో చెప్పుటకే ఈ యధ్యాయము.

ఒక వైద్యుడు తన వ్యాసమున "ఈ సంగతిని ఫలానావారు ఇదివఱకే చూపిరి" యని పూర్వవ్యాసము నొకదానిని పేర్కొనుటను ఆసుపత్రి వరండాలలో సైటేషన్ అందురు, నేను ఉల్లేఖమందును. ఈ ఉల్లేఖములను లెక్కించు పద్ధతి వైద్యులనుండి పుట్టినది కాదు, లాయర్లనుండి పుట్టినది. ఒక న్యాయస్థానపు తీర్పును ఆ తరువాతి తీర్పులలో నేవి యనుసరించినవో, ఏవి త్రోసిపుచ్చినవో తెలిసికొనుటకు అమెరికా న్యాయవాదులు 1873 నుండియు షెపర్డ్స్ సైటేషన్స్ అను సూచీగ్రంథమును వాడుచుండిరి. యూజీన్ గార్‌ఫీల్డ్ అను నాయన దానిని చూచి, శాస్త్రవ్యాసములకును అట్టి సూచిక యుండదగునని 1955లో 'సైన్స్' పత్రికలో వ్రాసి, ఫిలడెల్ఫియాలో తాను స్థాపించిన సంస్థ ద్వారా 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్సును వెలువరించెను. నేటి వెబ్ ఆఫ్ సైన్స్ దాని సంతానమే. స్కోపస్, గూగుల్ స్కాలర్ అను మఱి రెండు ఖాతాలు 2004లో పుట్టినవి. ఇందొక చిన్న సంగతి కలదు. నా దృష్టిలో ఈ విషయమంతటికిని కీలక మదియే. లాయర్ల సూచికలో ప్రతి ఉల్లేఖము ప్రక్కను ఒక సంకేతాక్షరముండెడిది: తీర్పును అనుసరించిన నొకటి, కొట్టివేసిన మఱియొకటి. ఆ విద్య శాస్త్రలోకమునకు వచ్చునప్పటికి అక్షరము జారిపోయినది, సంఖ్య మిగిలినది. ఎందఱు తలచిరో తెలియుచున్నది. ఎందుకు తలచిరో తెలియుట లేదు. ఆ జారిపోయిన యక్షరమును మన చేతితో మనమే మరల వ్రాసికొనవలెను. అది యెట్లో ముందు చెప్పెదను.

మొదట చేయవలసినది తన వ్యాసములు తనవిగా నిలుచునట్లు చూచుకొనుట. ఇది చెప్పుటకు సులభము. తెలుగువానికి మాత్రము కష్టము. మనకు ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. పాశ్చాత్యుల ఖాతా కడపటి మాటనే వంశనామముగా నెంచి, ముందున్న దంతయు పొడియక్షరములుగా కుదించును. కావున నాలుగు తరముల ఇంటిపేరు ఒక్క యక్షరమై, 'రావు కె.', 'రెడ్డి ఎస్.' అను పేర్ల క్రింద హృద్రోగనిపుణుడును, పశువైద్యుడును, లోహశాస్త్రజ్ఞుడును ఒకే గదిలో కాపురముందురు. పెండ్లికి ముందొక ఇంటిపేరు, తరువాత నొక ఇంటిపేరు గల స్త్రీలకు ఒక జీవితము రెండుగా చీలిపోవును. మా శిష్యుని గూగుల్ ఖాతాను తెఱచి చూడగా, అతని జన్మలో ముట్టని మోకాలిమార్పిడి శస్త్రచికిత్సపై వ్యాసములు రెండు అందు దర్జాగా కూర్చుండియున్నవి. ఎవరో ఎముకల వైద్యుడు, అదే పేరువాడు. వానిని తొలగింపగా 9 కాస్తా 8 అయ్యెను. మిగిలిన యా ఒక్కటి తేడాకు కారణము గూగుల్ ఖాతా సిద్ధాంతవ్యాసములు, అచ్చుకు ముందరి ప్రతులు, సభల సంచికలు అన్నింటిలోని ఉల్లేఖములను లెక్కకు తెచ్చుటయు, స్కోపస్ తాను ఏరుకొన్న పత్రికలలోని వానినే యెంచుటయు. 2012 నుండి ఆర్కిడ్ అను 16 అంకెల గుర్తింపుసంఖ్యను ఉచితముగా నిచ్చుచున్నారు. పరిశోధకుడు మొదటి వ్యాసము పంపకముందే దానిని తీసికొని, పేరును ఒకే వర్ణక్రమమున జీవితాంతము వ్రాయుట మేలు. నేను ఈ సలహా పాటింపలేదు. నా పేరు మూడు విధములుగా అచ్చైనది, ముగ్గురమై తిరుగుచున్నాము.

ఇక లెక్క. యంత్రము చెప్పిన దానిని నమ్ముటకు ముందు ఒక్కసారి కాగితముపై చేతితో చేసి చూచుట మంచిది. నాడి పట్టుట నేర్వక మానిటరుపై నాధారపడు వైద్యుని స్థితి మనకు రాగూడదు గదా. మా శిష్యుని 12 వ్యాసముల ఉల్లేఖములను పెద్దదానినుండి చిన్నదానికి దిగువరుసగా వ్రాసితిమి: 48, 31, 22, 15, 9, 8, 7, 5, 3, 1, 0, 0. ఇప్పుడు మెట్లు దిగునట్లు ఒక్కొక్కటే లెక్కించుచు పోవలెను. 5వ వ్యాసమునకు 9 ఉల్లేఖములు, 6వ దానికి 8, 7వ దానికి సరిగా 7. 8వ దానికి 5 మాత్రమే గనుక అడుగు 7వ మెట్టున ఆగినది. అదియే హెచ్-సూచిక: కనీసము 7 పర్యాయములు పేర్కొనబడిన వ్యాసములు 7 అతనికి కలవని తాత్పర్యము. మొత్తము ఉల్లేఖములు 149. పదిగాని అంతకు మించిగాని ఉల్లేఖములు గల వ్యాసములు నాలుగు గనుక గూగుల్ వారు చూపు ఐ10-సూచిక ఇంతే లెక్కపై 4. మొదటి వ్యాసమునకు 48కి మారుగా 4,800 ఉండినను హెచ్-సూచిక 7గనే నిలుచును. అనగా ఒక్క మహాకార్యము చేసినవానిని ఈ సూచిక గుర్తింపదు. చివరి సున్నలను కొట్టివేసినను ఉంచినను ఏడు ఏడే. మా శిష్యుడిది విని పెన్సిలు గీతవంక చూచెను, నేనప్పుడేమియు ననలేదు.

ఈ సూచికను 2005లో ప్రతిపాదించినవాడు హోర్హే హిర్ష్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌డియేగో శాఖలో భౌతికశాస్త్రాచార్యుడు. ఆయన తన వ్యాసములోనే ఒక హెచ్చరిక నుంచెను: నాటి లెక్క ప్రకారము సైద్ధాంతిక భౌతికశాస్త్రమున అగ్రగణ్యుడైన ఎడ్వర్డ్ విట్టెన్ హెచ్-సూచిక 110 కాగా, జాన్స్ హాప్కిన్సు నాడీశాస్త్రజ్ఞుడు సోలమన్ స్నైడరుది 191. జీవశాస్త్రములలో వ్యాసములు విస్తారము, ఒక్కొక్క వ్యాసమున పేర్కొను పూర్వవ్యాసములు విస్తారము; కావున సంఖ్యలు ఉబ్బును. ఇంతమాత్రాన స్నైడరు విట్టెనుకంటె దాదాపు రెట్టింపు ప్రతిభావంతుడని యెవరనగలరు? వైద్యములోపలనే చూచినను, క్యాన్సరు వైద్యునికిని ఫోరెన్సిక్ ఆచార్యునికిని ఒకే కొలపాత్రతో ధాన్యము కొలుచుట న్యాయము కాదు. వయస్సును సరిచూచుటకై హిర్ష్ మఱియొక ఉపాయము చెప్పెను: మొదటి వ్యాసము అచ్చైననాటినుండి గడచిన సంవత్సరములతో హెచ్-సూచికను భాగించుట. మా శిష్యునకు 7ను 10 యేండ్లతో భాగింపగా 0.7. రంగమును సరిచూచుటకు అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలవారు ఐసైట్ అను ఉచితసాధనమున నొక నిష్పత్తిని లెక్కగట్టి చూపుచున్నారు. ఒక వ్యాసముతో కలిపి ఇతరులు పేర్కొను వ్యాసములనే దాని చుట్టపక్కాలుగా భావించి, వానితో పోల్చి, తమ ధనసాహాయ్యము పొందిన వ్యాసములలో నడిమిదానికి 1.0 అని నిర్ణయించిరి. పోలిక తప్పనిసరియైనచోట, హెచ్-సూచికకంటె ఈ నిష్పత్తి మర్యాదగల పనిముట్టు. హిర్ష్ స్వయముగా 2020లో తన సూచిక దుష్పరిణామములను గూర్చి బహిరంగముగా వ్యాకులపడెను. బాణము వదలిన చేయి తరువాత వణకినను గాలిలోని బాణమునకేమి?

తెలుగువాడు ఈ సందర్భమున స్మరింపక తీరని పేరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారిది. 1895లో భీమవరమున జన్మించి, మదరాసులో వైద్యము చదివి, పిమ్మట బోస్టను చేరిన యీయన, హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కలిసి 1925లో 'జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ'లో భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతి నొకదానిని ప్రకటించెను. ఫాస్ఫేటు ఆమ్లమాధ్యమమున మోలిబ్డేటుతో కూడి, తగిన క్షయకరణి చేర్చగనే నీలవర్ణము దాల్చును. నీలిమ యెంత చిక్కనో భాస్వరమంత హెచ్చు. మొదటి సంవత్సరపు వైద్యవిద్యార్థిగా బయోకెమిస్ట్రీ ప్రయోగశాలలో, పిపెట్టును నోటితో పీల్చుచు కొంత నోటిలోనికే పోనిచ్చిన కాలములో, 'ఫిస్కె-సుబ్బారావు' అను జంటపేరును విని, రెండవ పేరు మన గోదావరి యొడ్డుదని తెలిసి నేను వెనుదిరిగి గోడకు వ్రేలాడు చార్టును మరల చదివిన దినము నాకిప్పటికిని జ్ఞాపకము. ఆ వ్యాసము వేలకొలది పర్యాయములు పేర్కొనబడినది. 1927లో వారిద్దఱు ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ప్రకటించిన ఏ.టి.పి., కండరమునకు శక్తి యెక్కడనుండి వచ్చునను మహాప్రశ్నను తాకినవి. శాస్త్రచరిత్రలో పీట వానిది. ఉల్లేఖముల ఖాతాలో పీట మాత్రము పద్ధతి వ్యాసమునకే దక్కినది. ఇందు విడ్డూరమేమియు లేదు: ఇరువదవ శతాబ్దమున మిక్కిలిగా పేర్కొనబడిన వ్యాసము 1951 నాటి లౌరీగారి ప్రోటీను కొలత పద్ధతి, దానికి 3 లక్షలకు మించిన ఉల్లేఖములున్నవి. సత్యమును కనుగొన్నవానికంటె గరిటెను చేసినవానిని లోకము ఎక్కువమాఱులు తలచును, వంట ప్రతిదినము జరుగును గనుక.

సుబ్బారావుగారి ఉత్తరజీవితము ఈ ఖాతాకు మఱింత అందనిది. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు పోయి, పరిశోధనలకు సారథియై, ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయించెను. దానికి ప్రతికూలముగా పనిచేయు ఔషధములను కల్పింపజేసెను. వానిలోనొకటియైన అమినాప్టెరినుతో బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరు సోకిన శిశువులకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగించి, 1948 జూనులో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ప్రకటించెను. వైద్యచరిత్రను మార్చిన వ్యాసమది, కర్తలు ఐదుగురు, ఔషధమును సమకూర్చిన బృందమునకు నాయకుడైన సుబ్బారావుగారి పేరు వారిలో లేదు. ఆయన పర్యవేక్షణలో వెలువడిన ఆరియోమైసినును అదేయేట లోకమునకు ప్రకటించిన వ్యాసము బెంజమిన్ డగ్గరుది. ఆ యాగస్టులోనే సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. బోదకాలు నివారణకై ఇంటింటికి వచ్చి మ్రింగించు డి.ఇ.సి. మాత్రయు ఆయన ప్రయోగశాలనుండి వచ్చినదే. మాత్రను చేతిలో పోయించుకొని నీళ్ల గ్లాసు అందుకొను ముసలమ్మ ఎవరిని ఉల్లేఖించును? ఏ ఖాతాలో?

ఇందుకు విపర్యయముగా కలకత్తాలో శంభునాథ్ డే యను పెథాలజీ ఆచార్యుడుండెను. కుందేలు ప్రేగును దారముతో ముడివేసి, ఆ ముడులనడుమ కలరా క్రిములు లేకుండ వడబోసిన ద్రవమును మాత్రమే యెక్కించినను ప్రేగు నీటితో నుబ్బునని, కనుక కలరా విషము క్రిమి బయటకు విడుచునట్టిదేయని ఆయన 1959లో 'నేచర్' పత్రికలో ఒంటరిగా ప్రకటించెను. చాలకాలము పట్టించుకొన్నవారు తక్కువ. 1978లో స్టాక్‌హోము నోబెల్ గోష్ఠికి పిలుపువచ్చు నాటికి ఆయన ఉద్యోగవిరమణ చేసియుండెను, 1985లో గతించెను, మఱుసటి యేట, ఉల్లేఖముల ఖాతాకు తండ్రియైన గార్‌ఫీల్డే ఆయననుగూర్చి ప్రత్యేకవ్యాసము వ్రాసెను. ప్రమోషను గడికి మూడేండ్ల గడువు. డేగారి వ్యాసమునకు ఇరువదియేండ్లు పట్టినది. మఱియొకవైపు, టీకా మందును ఆటిజముతో ముడిపెట్టి 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డు 'లాన్సెట్'లో 12 మంది పిల్లలపై వ్రాసిన వ్యాసమును ఆ పత్రిక 2010లో పూర్తిగా ఉపసంహరించుకొనెను. ఐనను దానికి వెయ్యికి మించిన ఉల్లేఖములు కలవు, వానిలో అధికభాగము దానిని ఖండించుటకు వ్రాసినవే. ఖాతా దృష్టిలో తిట్టును దీవెనయు ఒకే రూకయై చెల్లును.

కావున, జారిపోయిన ఆ అక్షరమును మరల వ్రాసికొనుట యెట్లనగా: ఏడాదికొకమాఱు, ఒక ఆదివారపు ఉదయము, నీ వ్యాసములలో మిక్కిలిగా పేర్కొనబడిన దానిని తీసికొని, దానిని పేర్కొన్న వ్యాసములను ఒక్కొక్కటిగా తెఱచి, నీ పేరు వచ్చిన వాక్యమును మాత్రము చదువుము. నీ పద్ధతినో ఫలితమునో తీసికొని పని జరిపియుండిన ప్రక్కను 'వా' యని వ్రాయుము, వాడిరి గనుక. నీ ఫలితము తమకును వచ్చినదనిన 'అ', అంగీకరించిరి. రాలేదనిన 'ఖ'. "ఈ వ్యాధి ముఖ్యమైన సమస్య" యను వాక్యము చివర పదిమందితో పాటు నిన్నును గుచ్చియుండిన 'ఊ', ఊరక తలచిరి. నేను నా 40 ఉల్లేఖముల వ్యాసమొకదానిని ఇట్లు చదివి సిగ్గుపడితిని. ఎనిమిదింటికి 'వా', రెండింటికి 'ఖ'. ఇరువదింటికి పైగా 'ఊ'. అంతకంటె చిత్రము, ఆ ఊరక తలచినవారిలో తొమ్మండుగురు నా పేరున వ్రాసిన సంగతి నేను కనుగొన్నది కానేకాదు. నా పీఠికలో మఱియొకరినుండి తెచ్చుకొన్న వాక్యము. వారు మూలము చూడక నా గుమ్మముననే ఆగి, యజమాని నేనేయనుకొనిరి. ఆ రెండు 'ఖ'లు మాత్రము నాకు మిక్కిలి మేలు చేసినవి. వానిలో నొకదానినుండి నా తరువాతి పరిశోధన పుట్టినది.

పత్రికకు చెందిన అంకెను మనిషికి తొడుగు దురాచారమును గూర్చి పొడిగా చెప్పి విడిచెదను. ఇంపాక్ట్ ఫ్యాక్టరనగా, ఒక పత్రిక 2022, 2023 సంవత్సరములలో అచ్చొత్తిన వ్యాసములకు 2024లో వచ్చిన ఉల్లేఖములను ఆ రెండేండ్ల వ్యాససంఖ్యతో భాగింపగా వచ్చునది. అది పత్రిక సగటు. అందులోని నీ వ్యాసముది కాదు. 'యాక్టా క్రిస్టలోగ్రాఫికా' యను స్ఫటికశాస్త్ర పత్రిక మొదటి శాఖకు 2 చిల్లరగా నుండిన ఈ సంఖ్య 2009లో దాదాపు 50కి ఎగబ్రాకినది. కారణము 2008లో జార్జ్ షెల్డ్రిక్ వ్రాసిన ఒక్క వ్యాసము, తన కంప్యూటరు ప్రోగ్రాములను వాడువారెల్లరు పేర్కొనదగినది. ఆయేడు అదే పత్రికలో వ్రాసినవారందఱును ఆ యొక్కని పల్లకి నెక్కి ఊరేగిరి. 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో చేరిన శాస్త్రజ్ఞులు, వ్యక్తిని ఈ అంకెతో తూచరాదని ప్రకటనపత్రము నొకదానిని సిద్ధపఱచిరి. మన ఇంటర్వ్యూ బల్లలవెనుక కూర్చుండువారిలో దానిని చదివినవారు నాకింతవఱకు తారసపడలేదు.

అంతకంటె బరువైనది కర్తృత్వవిషయము. వైద్యపత్రికా సంపాదకుల అంతర్జాతీయసంఘము నాలుగు షరతులు విధించినది: పరిశోధనను రూపొందించుటలోనో సమాచారమును సేకరించి విశ్లేషించుటలోనో గణనీయముగా పాల్గొనుట, వ్యాసమును వ్రాయుటయో సవిమర్శముగా సవరించుటయో, తుదిప్రతిని ఆమోదించుట, మంచిచెడులకు జవాబుదారీ వహించుట. నాలుగును ఉండవలెను, ఒకటి చాలదు. నేను కుఱ్ఱనాడు వ్రాసిన మొదటి వ్యాసమున, దానిని చదువనైన చదువని పెద్ద యొకరి పేరు నా పేరుకు ముందు చేరినది. పేరుకు ముందుంచిన ఆ చేతికి నేను నమస్కారము పెట్టితినని చెప్పుటకు ఇప్పటికిని చిన్నతనముగా నున్నది. నేడు వందలకొలది వైద్యులు ఒకే వ్యాసమునకు సహకర్తలగు ప్రపంచవ్యాధిభార పరిశోధనలవంటివి వచ్చినవి. అవి గొప్పవే, ఐతే వేలకొలది ఉల్లేఖములు ప్రతి సహకర్త ఖాతాలోను పూర్తిగా పడును, పంచబడవు. అట్టి వ్యాసములు పది గలవాని హెచ్-సూచికను చూచునపుడు, వానిని తీసివేసి మరల ఒకమాఱు లెక్కించి, రెండు అంకెలను ప్రక్కప్రక్కను వ్రాయుట నిజాయితీ. నీవు మొదటికర్తవుగనో ఉత్తరప్రత్యుత్తరములకు బాధ్యుడవుగనో నున్నవెన్ని, నడుమ నున్నవెన్ని యని వేఱుగా చూపుమని అడుగకముందే చూపుము.

దొంగదారులు ఇందును లేకపోలేదు. తన వ్యాసములను తానే పదేపదే పేర్కొనుట, ఒక పరిశోధనను ముక్కలుచేసి నాలుగు వ్యాసములుగా నచ్చొత్తించుట, రూకలు తీసికొని సమీక్షయే లేకుండ ప్రచురించు పత్రికల గడపలు త్రొక్కుట. ఈ చివరిదానియందు మన హైదరాబాదుకును ఒక అపఖ్యాతి కలదు: అక్కడ కేంద్రముగా నడచిన ప్రచురణసంస్థ నొకదానిని, రచయితలను మోసపుచ్చినందులకు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపవలసినదిగా 2019లో అమెరికా న్యాయస్థానము తీర్పు చెప్పినది. "మూడు రోజులలో అచ్చు" అని ఉత్తరము వచ్చినచో, మూడు రోజులలో చదివినదెవ్వరని అడుగుము; అంతకుమించి ఆలోచింప నక్కఱలేదు.

చీకటి పడునప్పటికి మా శిష్యుని దరఖాస్తు ఒక రూపునకు వచ్చెను. గడిలో '7' అని వ్రాసి, ప్రక్కనే 'స్కోపస్' అనియు, ఆనాటి తేదీయు వ్రాయించితిని. క్రింది ఖాళీలో, అతడు మొదటికర్తగా నున్న వ్యాసములలో మూడింటిని ఎంచి, ఒక్కొక్కదానిని ఎవరు దేనికి వాడుకొనిరో ఒక్కొక్క వాక్యము వ్రాయించితిని. 48 ఉల్లేఖముల వ్యాసమునకు ఆ వాక్యము వ్రాయుటకు అతనికి అరగంట పట్టినది, ఏలయన దాని ఉల్లేఖములలో ఎక్కువ 'ఊ'లే యని అక్కడికక్కడే తేలినది.

తరువాత ఆ పెన్సిలు గీతను చూపి, "ఇందులో ఏముందయ్యా?" అని యడిగితిని. అతడు కొంత మొగమాటపడి చెప్పెను. రక్తపింజర కఱచినవాని రక్తము గడ్డకట్టునో లేదో తెలిసికొనుటకు రెండు మిల్లీలీటర్ల రక్తమును గాజుగొట్టములో పోసి 20 నిమిషములు కదపక నుంచి, ఒకమాఱు వంచి చూతురు గదా. తమ క్యాజువాలిటీలో ఆ గొట్టములను సబ్బుపొడితో కడిగి మరల వాడుచుండిరట, ఒక్కొక్కప్పుడు ప్లాస్టిక్ గొట్టములే చేతికందుచుండెనట. అట్టివానిలో మంచి రక్తముకూడ గడ్డకట్టక, విషమెక్కనివానికిని ఎక్కినట్లు కనబడును. అతడు రెండు విధముల గొట్టములను ప్రక్కప్రక్కను పెట్టించి, ఫలితములను వ్రాసి, ఒక చిన్న పత్రికలో వేసెను. అంతే.

"ఇప్పుడు ఏ గొట్టాలు వాడుతున్నారు?"

"కొత్త గాజువేనండి. 'కడిగినది వద్దు, కదపవద్దు, 20 నిమిషాలు' అని చార్టు రాసి గోడకి అంటించాం. మొన్న పక్క ఏరియా ఆసుపత్రి స్టాఫ్ నర్సులొచ్చి దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకెళ్లారు సార్."

నా మనుమరాలి బడిపెట్టెలోనుండి రబ్బరు తెప్పించి యిచ్చితిని. అతడు ఆ గీతను మెల్లగా తుడిచి, పొడిని ఊది, సున్న ప్రక్కను పెన్సిలు నిలిపి, ఏ అక్షరము వేయవలెనన్నట్లు నావంక చూచెను.

"వా" అంటిని.